వల చప్పుడు పట్టుకున్న ఫెబా

పెందుర్తి జంక్షన్‌కి కాస్త ఇవతల ఒక రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. పరగడుపున వచ్చినవాళ్లందరికీ అక్కడ మొదట కనిపించే మనిషి ఫెబా. చెయ్యి చాపమంటుంది, పిడికిలి బిగించమంటుంది, మన కళ్లు సూది మీదకి పోకుండా ఏదో ఒక మాటలో పెడుతుంది. నాకు రక్తం తీసినప్పుడు, "మీ ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తాదేటండి?" అని అడిగింది. చేస్తుందా, చెయ్యదా అని నేను ఆలోచించుకునేలోపు పని అయిపోయింది, చేతిమీద దూది పెట్టేసింది.

"చేస్తుందమ్మా. టక్కుటక్కుమంటుంది" అన్నాను లేస్తూ.

"తిరుగుతున్నంతసేపూనా, ఆపీసేటప్పుడా?"

ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఇంటికెళ్లి ఫ్యాను కింద కుర్చీ వేసుకుని కూర్చుని విన్నాను. మా ఆవిడ నాకు సుగర్ బాగా ఎక్కువైందేమో అనుకుంది.

నా పేరు అర్జునరావు. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం. డ్యూటీ లేనప్పుడు షార్ట్ ఫిల్ములకి కథలు రాస్తాను. మా గుంపు పేరు 'నలుగురం'. పేరుకి నలుగురం గానీ ఎప్పుడు లెక్కపెట్టినా అంతకంటే ఎక్కువే ఉంటాం. మాలో డైరెక్టరు అంటూ ఎవరూ ఉండరు. ఏ సంగతైనా అందరం కూర్చుని మాట్లాడుకోవడం, చేతులెత్తడం, ఎక్కువ చేతులు ఎటుంటే అటు నడవడం. సినిమా చివర్లో కూడా 'తీసింది: నలుగురం' అని ఒక్క ముక్క వేస్తాం.

ఇంత పద్ధతిగా తీసే మా సినిమాల్లో ఒక్క మాట కూడా సరిగ్గా వినపడేది కాదు. గాలి, హారన్లు, ఎవరిదో దగ్గు, అన్నీ ఉండేవి. ఒకసారి ఒక కాలేజీలో మా సినిమా వేస్తే, చూసిన కుర్రాడొకడు లేచి, "సార్, బాగుంది గానీ కింద తెలుగులో అక్షరాలు వేస్తే ఇంకా బాగా అర్థమవుద్ది" అన్నాడు. తెలుగువాళ్లకి తెలుగు సినిమా! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ల్యాబ్‌కి వెళ్లి, మా సినిమాలకి సౌండు చూసిపెట్టమని ఫెబాని అడిగాను.

"నాకు సినిమా గురించి ఏటి తెలుసండీ?" అంది.

"సినిమా గురించి మాకూ పెద్దగా తెలీదమ్మా. నీకు వినడం తెలుసు కదా."

ఆమెకి వినడం ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. వాళ్ల నాన్న జాన్‌బాబుకి ఒకప్పుడు మైకుసెట్టు ఉండేది. సువార్త కూటాలు, పెళ్లిళ్లు, గౌరీ పరమేశ్వరుల సంబరాలు, ఎక్కడ మైకు కావాలన్నా జాన్‌బాబే. ఫెబా చిన్నప్పుడు సౌండ్ బాక్సుల మధ్యనే ట్రాక్టరెక్కి ఊళ్లు తిరిగింది. సభ మధ్యలో మైకు కీచుమంటే పెద్దాయన వైర్ల దగ్గరికి పరిగెత్తేవాడు, ఆ పిల్ల మాత్రం కూర్చున్న చోటునుంచే 'డాడీ, ఎడంపక్కది' అని వేలు చూపించేది. తర్వాత డీజేలొచ్చాయి, జాన్‌బాబు చెవులు మందగించాయి, సామానంతా మేడ మీద గదిలో టార్పాలిన్ కిందకి చేరింది. ఫెబా ల్యాబ్ కోర్సు చదివింది. పోర్టులో క్రేన్ నడిపే ఐజాక్‌ని పెళ్లి చేసుకుంది. చప్పుళ్ల సంగతి ఇక ఎవరూ అడగలేదు.

మా మీటింగులు జగదాంబ జంక్షన్ వైపు వాసు అద్దెకుండే ఇంటి డాబా మీద జరుగుతాయి. వాసుది సముద్రం ఒడ్డున యారాడ, చేపల వేటకెళ్లే కుటుంబం. అతను మాత్రం ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. కెమెరా దీనాది. ఆమె బళ్లో డ్రాయింగ్ టీచరు. మొదటిరోజు ఫెబా ఒక మూల కూర్చుని మేం వాదించుకోవడం చూసింది. టీ వచ్చాక మెల్లగా నోరు విప్పింది.

"ఇందాకట్నించీ అందరూ ఏటి కనపడాలో మాటాడతన్నారు. ఏటి వినపడాలో ఎవరూ అన్లేదేటి?"

దీనా చేతిలో గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లి ఆమెని గట్టిగా కౌగిలించుకుంది. "ఇన్నాళ్లూ ఎక్కడున్నావే తల్లీ!"

అయితే ఫెబా మొదటి సినిమా ఏమంత గొప్పగా మొదలవలేదు. సిటీ బస్సులో ఒక పూటంతా తీశాం. కండక్టరు బాగా చేశాడు, ముసలమ్మ బాగా చేసింది, చివర్లో అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు ఫెబా రికార్డరు వంక చూసి బిక్కమొహం వేసింది. బటన్ నొక్కలేదు, దాని మీద ఎర్ర లైటు వెలగలేదు. ఒక్క ముక్క రికార్డు కాలేదు. ఎవరం ఏమంటామోనని చూసింది. వాసు నవ్వాపుకోలేక బస్సు మెట్ల మీద కూలబడ్డాడు. అతన్ని చూసి మేమందరం, మమ్మల్ని చూసి ఆమె. మరుసటి ఆదివారం మళ్లీ తీశాం. ఆనాటినుంచి ఏ షాట్ మొదలైనా ముందు ఫెబా గట్టిగా, "ఎర్ర లైటు ఎలిగింది!" అని అరుస్తుంది. ఆ అరుపు వినపడితేగానీ దీనా కెమెరా ఎత్తదు.

ఆ తర్వాత మా సినిమాల్లో మాటలు వినపడ్డాయి. మాటలతో పాటు ఇంకా చాలా వినపడ్డాయి. పప్పు పోపులో ఆవాలు, ఆటో స్టార్టవడానికి ముందు డ్రైవరు విడిచే ఊపిరి, చర్చిలో ప్రార్థనయ్యాక అందరూ ఒక్కసారి లేస్తే కుర్చీలు చేసే మోత. ఎడిటింగ్ చేస్తూ వాసు ఫోన్ చేసేవాడు. "బావా, ఈ అక్క ఎక్కడెక్కడినుంచో ఏటేటో పట్టుకొచ్చీసింది. నాను బొమ్మలు మార్సుకుంటన్నాను, ఆ సౌండు కోసం!"

అలా ఉండగా నేను 'ఖాళీ వల' అని ఒక కథ రాశాను. ముసలి మత్స్యకారుడు. ఇంట్లో భార్యతో గొడవపడి వేటకొస్తాడు. ఊరంతా కలిసి పెద్దవల లాగుతుంది. వల ఖాళీగా వస్తుంది. ఆయన ఒడ్డున కూలబడతాడు. అంతే కథ. చదివి వినిపిస్తే దీనా కళ్లు తుడుచుకుంది. అందరి చేతులూ లేచాయి. నాకు గాల్లో తేలినట్టుంది.

ముసలాయన వేషం వాసు చిన్నాన్న పైడయ్యది. ఆయన భార్యగా ఆయన భార్యే, మహాలక్ష్మమ్మ. యారాడలో నిజంగా వల లాగే జనమే జనం. నా అనుమానమల్లా ఒక్కటే.

"పైడయ్య గారూ, వల నిజంగా ఖాళీగానే వస్తుందంటారా?"

ఆయన సముద్రం వంక చూసి పెదవి విరిచాడు. "ఈ నీట్లో ఇప్పుడు సేప నేదు బాబూ. మేం రోజూ లాగి లాగి సేతులు బొబ్బలెక్కతన్నాయి. మీకు కావాల్సినంత ఖాళీ వత్తాది, బెంగెట్టుకోకండి."

ఆ ఆదివారం కొండ మీది మలుపులు దిగేసరికి ఇంకా ఎండ ముదరలేదు. లంగరేసిన ఓడలు దూరంగా వరసగా నిలబడ్డాయి. పడవ వలని మోసుకుని లోపలికెళ్లి అరచందమామలా చుట్టు తిరిగి వచ్చింది. వల రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి చేరాయి. ఒక తాడు వెనక ఒక వరస, రెండో తాడు వెనక ఇంకో వరస. ఆడా మగా అందరూ నడుముకి తాడు ఆనించుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతున్నారు. పైడయ్య ముందున్నాడు. దీనా కెమెరా భుజానికెత్తుకుంది. ఫెబా సల్వారు మోకాళ్ల దాకా మడిచి, వెదురుకర్ర చివర మైకు కట్టి, రికార్డరు సంచి మెడలో వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అలల అంచున నిలబడింది.

"ఎర్ర లైటు ఎలిగింది!"

అంతా నేను రాసినట్టే నడుస్తోంది. తాడు ఇసకలో గీతలు గీస్తూ వస్తోంది. పైడయ్య మొహంలో ఆ అలుపు, ఆ నిరాశ, అబ్బ, నేను కాగితం మీద రాసినదానికంటే పదిరెట్లు బాగుంది. పక్కనే ఉన్న వాసు నా భుజం పిసికేస్తున్నాడు.

అప్పుడు ఫెబా నా వైపు తిరిగింది. కళ్లు పెద్దవయ్యాయి.

"వానొస్తందండీ" అంది.

పైకి చూశాను. మబ్బు తునక కూడా లేదు. "ఎక్కడమ్మా?"

"పైన కాదు." మైకు ఇంకా ముందుకి చాపింది. "నీళ్లలో! రేకుల మీద వాన పడ్డట్టు... ఓరి దేవుడా, పెరుగుతంది!"

మా గుంపులో షాట్ ఆపాలంటే ఎవరైనా సరే చెయ్యెత్తవచ్చు. ఫెబా కుడిచెయ్యి సగం లేచింది. నేనూ చూశాను, దీనా కూడా చూసింది. ఒక్క క్షణం అలా గాల్లో ఉంచి, దించేసింది. దించి, కర్ర రెండు చేతులతో పట్టుకుని నీళ్లలోకి నడిచింది.

సరిగ్గా అప్పుడే సముద్రపు కాకులు ఎక్కడినుంచి దిగాయో దిగాయి. వల మధ్యలో నీళ్లు ఉడికినట్టు కదిలాయి. తాడు బిగుసుకుపోయింది. వరసలో వెనకున్నవాళ్లు ఒక్కసారి ముందుకి జారారు.

"ఓలమ్మో!" మహాలక్ష్మమ్మ గొంతు ఒడ్డంతా మోగింది. "ఏటిరా ఇది! కవళ్లురా! కవళ్లు దిగాయిరా! ఒదలకండి, పట్టండి, పట్టండెహె!"

ఇక ఎవడి కథ, ఎవడి వేషం! పైడయ్య నిరాశ ఎటు పోయిందో పోయింది. తాడు భుజాన వేసుకుని ఇరవయ్యేళ్ల కుర్రాడిలా రంకెలు వేస్తున్నాడు. ఊళ్లోంచి జనం పరిగెత్తుకొస్తున్నారు. మా వాసు చెప్పులు విసిరేసి తాడందుకున్నాడు. నేనూ, చేతిలో ఉన్న స్క్రిప్టు కాగితాలు పొట్ట దగ్గర దోపుకుని, వాసు వెనక నిలబడి లాగడం మొదలుపెట్టాను. నా జన్మలో అంత బరువు నేను లాగలేదు. తాడు అరచేతుల్ని ఒరుసుకుపోతోంది, నేను పిచ్చివాడిలా నవ్వుతున్నాను. పక్కవాళ్లూ నవ్వుతున్నారు.

వల దగ్గరికొచ్చింది. లోపల కవళ్ల చేపలు వెండి కుప్పలా కదులుతున్నాయి. పెద్ద అల ఒకటి వచ్చి దీనాని నిలువునా తడిపింది. పాపం కెమెరాని గుండెకి హత్తుకుంది గానీ లెన్సు మీద ఉప్పునీళ్లు. చీరకొంగుతో తుడిచింది, ఇంకా పాడైంది. "నాకేం కనిపించడంలేదు! అంతా తెలుపు! అంతా తెలుపు!" అని అరుస్తూనే తీస్తోంది.

ఫెబా గుండె లోతు నీళ్లలో, రికార్డరు సంచి ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని ఉంది. వల పక్కనే. మైకు చేపల మీద జానెడెత్తులో ఉంది. అందరూ లాగుతున్నారు, ఆమె ఒక్కతే వింటోంది. తర్వాతి అల ఆమె తల మీదుగా వెళ్లింది. కర్రా, ఆ సంచీ మాత్రమే పైన కనిపించాయి. మహాలక్ష్మమ్మ తాడు వదిలేసి ఒక్క ఊపున దూకి, ఫెబా జడ పట్టుకుని పైకి లాగింది.

"ఒలే పాపా, ముంగిపోతావే! ఏటే నీ ఎర్రి!"

ఫెబా ముక్కులోంచి, నోట్లోంచి నీళ్లు. హెడ్‌ఫోన్లు మెడకి వేలాడుతున్నాయి. ఒక చెప్పు సముద్రం పాలు. కానీ ఎడంచెయ్యి నిటారుగా పైకి లేచి ఉంది, అందులో రికార్డరు సంచి ఉంది.

"ఎలుగుతంది!" అని కేక పెట్టింది. "ఇంకా ఎలుగుతందండీ!"

ఒడ్డున చేపలు గుట్టగా పడ్డాయి. బుట్టలొచ్చాయి, ఆటోలొచ్చాయి, కొనేవాళ్లూ బేరాలూ వచ్చాయి. మాకు కూడా మహాలక్ష్మమ్మ కవళ్ల పులుసు కాచి, అన్నం వండించింది. ఇసకలో గుండ్రంగా కూర్చుని తిన్నాం. తింటుండగా వాసు అడిగాడు.

"ఇప్పుడేటి బావా? వల నిండిపోనాది కదా. నీ కథో?"

నేను అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. "ఏముంది, సాయంత్రం ఖాళీ వల ఒకటి మళ్లీ లాగుదాం. పైడయ్య గారు మళ్లీ అదే మొహం..."

"నా వల్ల కాదు బాబూ" అన్నాడు పైడయ్య. "పొద్దుట సేసినానంటే సేసినాను. ఇంత సేప ఒడ్డునేసుకుని ఇప్పుడు ఏడుపు మొకం ఎట్టమంటే నాకొత్తాదేటి? సముద్రం సూత్తాది, నవ్వుతాది."

దీనా నా పక్షమే. "వల వచ్చేటప్పుడు తీసింది ఒక్క ముక్క పనికిరాదు. తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. బొమ్మ లేకుండా సినిమా ఎలాగ?"

వాదన మొదలైంది. కథ ముఖ్యమని నేను, జరిగింది ముఖ్యమని వాసు. ఫెబా తలలో ఇసకతో, మహాలక్ష్మమ్మ ఇచ్చిన పొడి చీర చుట్టుకుని కూర్చుంది. చెయ్యి కడుక్కుని వచ్చి హెడ్‌ఫోన్లు తుడిచి మహాలక్ష్మమ్మ చెవులకి పెట్టింది. రికార్డరు నొక్కింది.

మహాలక్ష్మమ్మ ముందు బెదిరింది. తర్వాత కళ్లు మూసుకుంది. ఆమె వేళ్లు చీర కుచ్చిళ్లని పట్టుకుని బిగుసుకున్నాయి. ఉన్నట్టుండి, మేమందరం ఉలిక్కిపడేలా, "ఒదలకండెహె!" అని అరిచింది. కళ్లు తెరిచి చుట్టూ చూసి, నోటి మీద చెయ్యి వేసుకుని నవ్వేసింది.

"ఓలమ్మ, నాను ఇక్కడే ఉన్నానేటి! మళ్లీ లాగతన్నాననుకున్నాను!"

హెడ్‌ఫోన్లు చేతులు మారాయి. విన్నవాళ్లు ఒక్కొక్కరు కళ్లు మూసుకున్నారు. ఎవరి కాళ్లు వాళ్లకి తెలియకుండానే ఇసకలో తన్నిపట్టుకున్నాయి. దీనా విని, తీసి, మళ్లీ పెట్టుకుని విని, "అరె, నా తెలుపు దీనికి సరిగ్గా సరిపోద్దే!" అంది. చివరికి నా దగ్గరికొచ్చాయి. ముందు రేకుల మీద చినుకుల్లాంటిది. అది పెరిగి పెరిగి జడివాన. దాని మధ్య జనం కేకలు, తాడు మూలుగు, మహాలక్ష్మమ్మ గొంతు. అన్నిటి వెనకా ఎవరో పిచ్చిగా నవ్వడం. ఆ నవ్వు నాదే.

"తాడు లాగినోళ్లందరికీ ఓటుంది" అన్నాడు వాసు. జరిగిందే ఉంచమని ఊరంతా చేతులెత్తింది. నా చెయ్యి ఒక్కటే ఎందుకు కింద ఉండాలి? ఎత్తేశాను. సినిమా పేరు కూడా అక్కడే మారిపోయింది. 'బరువు' అని పైడయ్య పెట్టాడు.

వాసు దాన్ని ఎడిట్ చేసేటప్పుడు ఫెబా రోజూ ల్యాబ్ నుంచి సరాసరి స్టూడియోకి వచ్చేది. తెల్లటి పొగని అలాగే ఉంచమంది. దాని మీద ఒక్క బొమ్మ పెట్టనివ్వలేదు, పాట పెట్టనివ్వలేదు. ఐజాక్ క్యారేజీ తెచ్చి పక్కన కూర్చునేవాడు. "క్రేన్ మీద కూకుంటే కిందోళ్ల మాట నాకు వినపడదండీ. ఇంటికొస్తే ఈవిడ ఒక్క చప్పుడు ఒదల్దు. మా ఇంట్లో సగం సగం పంచుకున్నాం" అనేవాడు.

మొదటి ఆట యారాడలోనే వేశాం, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి. స్పీకర్ల కోసం వెతుకుతుంటే జాన్‌బాబు మేడ మీద టార్పాలిన్ లాగేశాడు. పెట్టెలన్నీ తుడిచి, వైర్లు అతికించి, అల్లుడితో మోయించి, తనే వచ్చి బిగించాడు. ఆయనకి చెవులు దాదాపు వినపడవు. సినిమా మొదలైనప్పుడు పెట్టె పక్కన కుర్చీ వేసుకుని, అరచెయ్యి దాని మీద ఆనించి కూర్చున్నాడు.

ముసలాయన ఇంట్లో గొడవపడ్డాడు. జనం కిలకిల నవ్వారు. వల దిగింది. తాడు లాగారు. తెర తెల్లబడింది. చినుకులు మొదలయ్యాయి. జాన్‌బాబు అరచెయ్యి పెట్టె మీద ఇంకా గట్టిగా అదిమాడు. ఆయన కూతురి వంక చూసి, తనకి వినపడదు కాబట్టి అందరికీ వినపడేలా అడిగాడు. "ఫెబా! ఇది వాన కాదే! పేణమున్న చప్పుడే! ఏటే ఇది?"

ఫెబా ఏడుస్తూ, నవ్వుతూ, రెండు చేతులతో చేప ఈదినట్టు చేసి చూపించింది.

అప్పటికి జనం ఎవరూ కూర్చుని లేరు. తెల్లటి తెర ముందు ఊరంతా లేచి నిలబడి, లేని తాడు పట్టుకుని, "ఐలెస్సా" అంటూ వెనక్కి లాగుతోంది. కుర్చీలు పడిపోయాయి. సినిమా అయ్యాక మళ్లీ వెయ్యమన్నారు. వేశాం. మళ్లీ వెయ్యమన్నారు. మూడోసారి పైడయ్య తెర ముందుకొచ్చి అందరికీ దణ్ణం పెట్టి, "సాలు, అలిసిపోనాం" అన్నాడు.

తర్వాత 'బరువు' చాలా ఊళ్లు తిరిగింది. కేరళలో ఒక షార్ట్ ఫిల్మ్ పండగకి పిలిస్తే అందరం రైలెక్కి వెళ్లాం, మహాలక్ష్మమ్మతో సహా. అక్కడ ఒక పెద్దమనిషి ఫెబాని వెతుక్కుంటూ వచ్చి, ఆ చేపల శబ్దం ఏ స్టూడియోలో పుట్టించారని అడిగాడు. ఫెబాకి ఇంగ్లీషు కాస్త తడబాటు. "యారాడ, సార్" అంది. ఆయన ఆ పేరు శ్రద్ధగా రాసుకున్నాడు.

ఫెబా ల్యాబ్ మానలేదు. మానమని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఇప్పుడు ఊళ్లో ఎవరు షార్ట్ ఫిల్ము తీసినా శనివారం సాయంత్రం ఆ ల్యాబ్ మెట్ల దగ్గర పడిగాపులు పడతారు. కొందరు ఆవిడతో మాట్లాడటం కోసమే రక్తపరీక్ష చేయించుకుంటారని ఐజాక్ అంటాడు.

పోయిన ఆదివారం డాబా మీద మీటింగు పెట్టుకున్నాం. కొత్త కథ చదవడానికి నేను కాగితాలు సర్దుకుంటుంటే ఫెబా గొంతు సవరించుకుంది.

"ఈసారి కథ నాదండి. చెప్పనా?"

అందరం ఆమె వైపు తిరిగాం. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాడే ఒక ఆడమనిషి. హార్బరంతా ఆమె గొంతుకి లేస్తుంది. పెద్ద పడవ నిండుగా వచ్చిన రోజున ఆమె గొంతు పోతుంది. ఒక్క మాట రాదు. చుట్టూ ఐసు మర చప్పుడు, పడవల మోత, కొనేవాళ్ల అరుపులు. మధ్యలో ఆమె మాట్లాడకుండా వేలం పాడాలి.

"అబ్బ!" అన్నాను. నా కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

"ఆ యేసం నాను సేత్తాను" అంది మహాలక్ష్మమ్మ. కేరళ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఆమె ఒక్క మీటింగు తప్పలేదు.

ఆమెతో వచ్చిన పైడయ్య పడీపడీ నవ్వాడు. "మాటల్లేని యేసవా? నువ్వా?"

మహాలక్ష్మమ్మ లేచి నిలబడింది, కొంగు బిగించింది. లేని చేపని తోక పట్టి ఎత్తింది, కనుబొమ్మ ఎగరేసి వాసుని చూసింది, వేళ్లతో వేలం పాట పెంచింది, పెదవి విరిచి నన్ను వెక్కిరించింది, దీనాని కళ్లతోనే రెచ్చగొట్టింది. మేమూ వేళ్లు చూపిస్తూ పోటీ పడ్డాం. పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ క్లిప్పులు వదిలేసి, పిట్టగోడ మీదకి వంగి, తనూ రెండు వేళ్లు ఎత్తింది. దీనా అప్పటికే సంచిలోంచి కెమెరా బయటికి తీసింది.